మ్యాటు మీద అంటిన తామరకు అకాడమీ జవాబుదారీ కాదా?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. జూన్‌లో ఏడాది ఫీజు రూ.30,000 ఒకేసారి కట్టి జియు-జిట్సు (కుస్తీ లాంటి పట్ల విద్య) అకాడమీలో చేర్చాం. ఆగస్టు నెలాఖరుకు మెడ మీద, మోచేతుల దగ్గర తామర లేచింది. మొదట చెమటకాయలనుకుని మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాశాం. క్లాసులు మాన్పించలేదు. రెండు వారాల్లో వీపంతా పాకింది. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి, క్లాసులు మాన్పించాం. ఇప్పటికి రూ.9,000 ఖర్చయింది. అదే బ్యాచిలో మరో ముగ్గురు పిల్లలకు కూడా వచ్చింది. వారిలో ఒకరికి మా వాడి కన్నా ముందే ఉన్నదనీ, కోచ్‌కు ఆ సంగతి తెలుసనీ ఇప్పుడు బయటపడింది. మరుగుదొడ్డి తుడిచే కర్రతోనే మ్యాట్లు తుడవడం నేను కళ్లారా చూశాను. మిగిలిన ఫీజు ఇమ్మంటే, చేరిన రోజు మా అబ్బాయి సంతకం చేసిన కాగితం చూపిస్తున్నారు. అందులో ‘ఏ గాయానికీ, అనారోగ్యానికీ అకాడమీ బాధ్యత లేదు, ఫీజు వాపసు లేదు’ అని ఉంది. వాట్సాప్ గ్రూపులో రాస్తే పరువునష్టం కేసు వేస్తామంటున్నారు. మేము పోలీసు కేసు పెట్టవచ్చా? వాడికి మాత్రం ఈ విద్య మీద మోజు ఇంకా పోలేదు. — ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. మిమ్మల్ని భయపెడుతున్నది అదే కదా. 14 ఏళ్ల పిల్లవాడి సంతకంతో ఒప్పందం కుదరదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు ప్రివీ కౌన్సిల్ 1903లోనే, మోహరీ బీబీ కేసులో చెప్పింది. పిల్లలకు నేర్పే అకాడమీ పిల్లల చేతే సంతకం పెట్టించుకుని దాన్ని రక్షణ కవచం అనుకోవడం చూస్తే నవ్వు వస్తుంది. కానీ నేను చూసిన ఇలాంటి దరఖాస్తుల్లో సగం ఈ బాపతువే.

ఒకవేళ కింద మీ సంతకం కూడా ఉన్నదనుకుందాం. అప్పుడు కూడా వారు అనుకున్నంత బలం దానికి లేదు. ఈ విద్యలో చెయ్యి మెలిపెడతారు, మెడ బిగిస్తారు, పైన పడి అదిమిపెడతారు. మోచెయ్యి బెణికినా, పెదవి చిట్లినా అది ఆటలో ఉన్న ప్రమాదమే. అది తెలిసే చేర్చారు కాబట్టి, కోచ్ తప్పు లేనప్పుడు దానికి అకాడమీని నిలదీయలేరు. తడిసిన మురికి కర్రతో మ్యాటు తుడవడం మాత్రం ఏ ఆటలోనూ భాగం కాదు. మీరు ఒప్పుకున్నది ఎదుటి కుర్రవాడి పట్టుకు, అకాడమీ బద్ధకానికి కాదు.

‘ఇలా అంటుకుంటుందని మాకేం తెలుసు’ అని వారు అనవచ్చు. అది నిలవదు. ఒంటికి ఒళ్లు రాసుకునే ఈ విద్యల్లో చర్మరోగాలు పాకుతాయన్నది ఎప్పటినుంచో తెలిసిన సంగతి. 1989లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక కుస్తీ శిబిరానికి వచ్చిన 175 మందిలో 60 మందికి హెర్పిస్ పుండ్లు లేచాయి. అది వైరస్, తామర శిలీంధ్రం. జబ్బులు వేరైనా, చర్మానికి చర్మం తగిలి పాకే తీరు ఒకటే. అమెరికా పాఠశాలల కుస్తీ పోటీల్లో ఒంటి మీద తామర ఉన్న పిల్లవాడు కనీసం 72 గంటలు, తల మీద ఉంటే 14 రోజులు మందు వాడాకే బరిలోకి దిగాలి. అంతర్జాతీయ జూడో నియమాల్లో దుస్తులు శుభ్రంగా, పొడిగా, దుర్వాసన లేకుండా ఉండాలనీ, కాలి, చేతి గోళ్లు కత్తిరించుకోవాలనీ రాసి ఉంది. అంత దూరం ఎందుకు, మన కుస్తీ గోదాల్లో మట్టిని తవ్వి తిరగేసి, అందులో పసుపు, నూనె కలపడం పాత అలవాటే.

ఇక అసలు కేసు. జిమ్ముల శుభ్రతకంటూ ప్రత్యేకమైన కేంద్ర చట్టం లేదు. మీకు పనికొచ్చేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. డబ్బు కట్టింది మీరు, సేవ అందుకున్నది మీ అబ్బాయి, కనుక ఇద్దరూ వినియోగదారులే. మైనరు తరఫున తల్లి లేదా తండ్రి ఫిర్యాదు వేయవచ్చని చట్టంలోనే ఉంది. సేవాలోపం అంటే ఏమిటో 2(11) సెక్షన్ చెబుతుంది. నష్టం కలిగించిన నిర్లక్ష్యం అందులోకి వస్తుంది. వినియోగదారుడికి చెప్పవలసిన సంగతిని కావాలని దాచిపెట్టడం కూడా వస్తుంది. మీ ఉత్తరంలో నాకు బలంగా కనిపించింది ఈ రెండోదే.

మీరు కర్ర గురించి ఆవేశంగా రాశారు, కోచ్‌కు ముందే తెలుసన్న మాటను మధ్యలో ఒక ముక్కగా వదిలేశారు. నేనైతే ఫిర్యాదును అక్కడే మొదలుపెడతాను. కర్ర సంగతి మీ మాటకు వారి మాట అవుతుంది. వారు రేపు కొత్త కర్ర కొని గోడకు ఆనించి ఫోటో తీస్తారు. ఒక పిల్లవాడికి తామర ఉన్నదని కోచ్‌కు ఏ తేదీన తెలిసిందో రుజువైతే మాత్రం, ఆ తేదీ తరువాత జరిగిన ప్రతి క్లాసుకూ అకాడమీ జవాబు చెప్పాలి. ఆ పిల్లవాడిని ఎందుకు ఆపలేదు? మిగతా తల్లిదండ్రులకు ఎందుకు చెప్పలేదు? ఆ పిల్లవాడి తల్లిదండ్రులు కోచ్‌కు పంపిన సందేశం ఏదైనా ఉంటే, వారిని బతిమాలైనా సంపాదించండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. ఆ ఫోనులోని సందేశాన్ని అలాగే ఉంచమని చెప్పండి, దాంతోపాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. తామర ఆ మ్యాటు మీదే అంటిందని నిరూపించడం కష్టం. అది మన దేశంలో ఎక్కడైనా దొరికే జబ్బు. ఇంట్లో తువ్వాలు, స్నేహితుడి టీషర్టు, బడి బెంచీ, ఏదైనా కావచ్చునని అవతలి వకీలు అంటారు. సేవాలోపాన్ని రుజువు చేయవలసిన భారం ఫిర్యాదు చేసినవారి మీదే ఉంటుంది. దానికి జవాబుగా మీ దగ్గర ఉన్నవి రెండు. ఒకే బ్యాచిలో నలుగురికి రావడం ఒకటి. అంటిన 4 నుంచి 14 రోజుల్లో తామర బయటపడుతుందన్న వైద్య విషయం రెండోది. నలుగురి మందుల చీటీల తేదీలను వరుసగా పెట్టి, పక్కన క్లాసుల హాజరు పెడితే కథ దానంతట అదే కనిపిస్తుంది. డాక్టరు చర్మం గీకి పరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్టు తెచ్చుకోండి. ‘తామర’ అని నోటితో చెప్పడానికీ, శిలీంధ్రం ఉన్నదని కాగితం మీద ఉండడానికీ వినియోగదారుల కమిషన్ ముందు చాలా తేడా.

మీ వైపు కూడా రెండు లోపాలున్నాయి. డాక్టరును అడగకుండా ట్యూబు రాశారు. అలాంటి వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద తగ్గినట్టే తగ్గి తామర విస్తరిస్తుంది. మన దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఈ ట్యూబులు ఒక కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పైగా ఒంటి మీద మచ్చలతోనే రెండు వారాలు క్లాసుకు పంపారు. మిగతా ముగ్గురిలో ఒకరి తల్లి మిమ్మల్నే వేలెత్తి చూపిస్తే ఏమంటారు? తెలియక చేశారని నాకు అర్థమైంది. ఆ మాట ఫిర్యాదులో మీరే ముందు చెప్పండి. అవతలివారు అడిగాక ఒప్పుకుంటే అదే కేసును ముంచుతుంది.

అందుకే కోరికను రెండు ముక్కలు చేయండి. మొదటిది మిగిలిన 9 నెలల ఫీజు, రూ.22,500. దీనికి తామర ఎక్కడ అంటిందో తేల్చనక్కరలేదు. లోపమున్న సేవను ఆపి, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని చట్టం 2(47) సెక్షన్‌లో అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. రెండోది వైద్య ఖర్చు, పరిహారం. ఇది నిరూపణ మీద ఆధారపడుతుంది, మీ నిర్లక్ష్యం కొంత కోత పెడుతుంది. పది లక్షలు అడగమని ఎవరైనా చెబితే వినకండి. అంకె పెద్దదైతే ఫిర్యాదు బరువు తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, కొత్త వకీళ్లు కూడా తడబడేది. ‘ఆ కాగితం అనుచిత ఒప్పందం, దాన్ని కొట్టివేయండి’ అని జిల్లా కమిషన్‌ను కోరవద్దు. అనుచిత ఒప్పందాల ఫిర్యాదులను చట్టం రాష్ట్ర కమిషన్‌కు అప్పగించింది. ఆ ఒక్క వాక్యం రాస్తే అవతలివారు అధికార పరిధి లేదంటూ అభ్యంతరం లేవదీస్తారు. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి, ఈ రెండింటి దగ్గరే ఆగండి.

ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి అనలేదు కానీ చాలా గొడవలు అక్కడే తెగుతాయి. అందులో క్లాసుల సీసీ కెమెరా రికార్డులు, శుభ్రం చేసిన రిజిస్టరు, హాజరు పట్టీ భద్రపరచమని రాయండి. కెమెరా రికార్డులు కొద్ది వారాల్లోనే చెరిగిపోతాయి. నోటీసు అందాక చెరిపేస్తే అది వారికే చేటు. ఆ కాగితాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. ఫీజు ఫోనులో ఎవరి ఖాతాకు పంపారో చూడండి. బోర్డు మీద ఉన్న పేరు కన్నా, డబ్బు చేరిన పేరు ముఖ్యం.

ఫిర్యాదు మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. జనం ఇంకా ఫోరం అనే పిలుస్తున్నా, ఇప్పుడది కమిషన్. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కనుక రుసుము లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు (ఈ మాట రాసినందుకు మా బార్ అసోసియేషన్‌లో నన్ను ఆడిపోసుకుంటారు). నలుగురు తల్లిదండ్రులూ కలిసి ఒకే ఫిర్యాదు వేయడం ఇంకా మేలు. గడువు రెండేళ్లు. అవతలివారు జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ దయతలిస్తే మరో 15. ఆ 45 దాటితే కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. మూడు నెలల్లో తీర్పు రావాలని చట్టంలో ఉన్నది నిజమే కానీ, దాన్ని నమ్మి క్యాలెండరులో గుర్తు పెట్టుకోకండి. దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

పోలీసు కేసు వద్దు. అంటువ్యాధిని నిర్లక్ష్యంగా వ్యాపింపజేయడం భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద నేరమే కానీ, అది ప్రాణాంతకమైన వ్యాధులకు. తామర ఎంత బాధపెట్టినా ఆ కోవలోకి రాదు. దానికి బదులు కార్పొరేషన్ ప్రజారోగ్య విభాగానికి అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. వారు తనిఖీ చేస్తే, ఆ నివేదికను సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకోండి. మీరు తీసే ఫోటో కన్నా ఆ కాగితానికే విలువ ఎక్కువ.

వాట్సాప్ గ్రూపులో రాయవచ్చు. ‘నేను ఫలానా తేదీన ఇది చూశాను, మా అబ్బాయికి డాక్టరు ఇది చెప్పారు, మీ పిల్లల చర్మం చూసుకోండి’ అన్నంత వరకు రాయండి. తమ, ఇతరుల మేలు కోసం సద్బుద్ధితో చెప్పిన మాటకు న్యాయ సంహితలోని పరువునష్టం సెక్షన్ 356లోనే మినహాయింపు ఉంది. ‘దొంగలు, మోసగాళ్లు’ అన్న మాటలు రాస్తే ఆ మినహాయింపును మీరే పోగొట్టుకుంటారు. మిగతా పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి.

అబ్బాయికి ఈ విద్య మీద ఇంకా మోజు ఉన్నదని ఉత్తరం చివర రాశారు. డాక్టరు సరేనన్నాక మరోచోట చేర్చండి. చేర్చే ముందు రెండు బ్యాచిల మధ్య సమయంలో, చెప్పకుండా వెళ్లి కూర్చోండి. మ్యాట్ల అతుకుల్లోకి చూడండి. మందునీళ్లు చల్లి వెంటనే తుడిచేస్తున్నారా, కొన్ని నిమిషాలు తడి నిలవనిస్తున్నారా గమనించండి. ఆ తరువాత మ్యాటు అంచున చెప్పుల వరుస ఉందేమో చూడండి. అది లేదంటే, పిల్లలు మరుగుదొడ్డికి వట్టికాళ్లతో వెళ్లి, అవే కాళ్లతో మ్యాటు ఎక్కుతున్నారని.