పాత కారు టిక్ టిక్: ముందు లీకు, తర్వాతే సెన్సర్

ప్రశ్న: మాది ఇరవై ఏళ్ల పెట్రోలు కారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ పక్కనుంచి టిక్ టిక్‌మని చప్పుడొచ్చి, ఐదు నిమిషాల్లో ఆగిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఆక్సిజన్ సెన్సర్ మార్పించాం. వారానికే లైటు మళ్లీ వచ్చింది, మైలేజీ కూడా పడిపోయింది. కొత్త సెన్సర్ నాసిరకమా?

జవాబు: సెన్సర్ తప్పు కాకపోవచ్చు. వేడెక్కగానే చప్పుడు పోతోందంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట కలిపే ఇనుప గొట్టాల ముక్క) గ్యాస్కెట్ (అతుకు మధ్య పెట్టే సీలు) దగ్గరో, మానిఫోల్డ్ పగులు దగ్గరో లీకు ఉండి ఉంటుంది. లోహం వేడికి సాగి సందు బిగుసుకుంటుంది కాబట్టి చప్పుడు ఆగుతుంది. అంతమాత్రాన లీకు పూర్తిగా మూసుకుందని కాదు. పొగ దెబ్బదెబ్బకీ మధ్య పైపులో ఒత్తిడి తగ్గిన క్షణంలో అదే సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్‌కు పొగలో ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. పెట్రోలు చాలడం లేదనుకుని ఇంజిన్ కంప్యూటర్ మరింత పోయిస్తుంది. మైలేజీ అలా పోతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్‌లో (పొగను శుద్ధి చేసే డబ్బాలో) మండి దాన్నీ పాడుచేస్తుంది.

ఇంజిన్ చల్లారాక హీట్ షీల్డు విప్పి టార్చి వేసి చూడండి. గ్యాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉంటే చోటు దొరికినట్టే. కనిపించకపోతే చల్లటి ఇంజిన్ మీదే వాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపు గొట్టాన్ని సైలెన్సర్ చివర బిగించి, మానిఫోల్డ్ చుట్టూ సబ్బునీళ్లు చల్లండి. బుడగలు చెబుతాయి. బాగుచేసేదాకా మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ప్రశ్న: గ్యాస్కెట్ నేనే మార్చుకుంటాను. స్టడ్లు (మానిఫోల్డ్‌ను ఇంజిన్ హెడ్డుకు పట్టి ఉంచే మర కడ్డీలు) విరుగుతాయని భయం.

జవాబు: ఆ భయం సబబే. హెడ్డు కంటే మానిఫోల్డ్ ఎక్కువ సాగుతుంది. ఆ లాగుడంతా రెండు చివరల స్టడ్ల మీదే పడుతుంది కాబట్టి విరిగేవి ఎక్కువగా అవే. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. మర్నాడు నట్టును ముందు కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత పావు చుట్టు చొప్పున ముందుకీ వెనక్కీ తిప్పుతూ వదులు చేయండి. పొడుగు పైపు తొడిగి ఒక్క లాగుతో తిప్పితే చేతికి స్టడ్ ముక్కే వస్తుంది. విరిగినా కాస్త బయటికి ఉంటే దాని మీద నట్టు వెల్డింగ్ చేయించండి. ఆ వేడికే తుప్పు పట్టు వదులుతుంది.

పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు అల్యూమినియం హెడ్డు మీద గ్రైండర్ పెట్టొద్దు. మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి సందులో ఫీలర్ గేజ్ (పలచటి కొలత రేకుల కట్ట) దూర్చండి. 0.2 మిల్లీమీటర్ల రేకు దూరిపోతోందంటే ముఖం వంగినట్టే. లేత్ పని చేసేవారి చేత సమం చేయించకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా త్వరగా పాడై లీకవుతుంది. మానిఫోల్డ్ చివరి బెజ్జాలు వెడల్పుగా ఉంటే అరిగాయనుకోకండి, సాగడానికి వదిలిన చోటది. నట్లు కొత్తవే వేయండి. మధ్య నుంచి చివరలకు, మూడు విడతల్లో బిగించాలి. 8 మిల్లీమీటర్ల స్టడ్లకు సాధారణంగా 20–25 న్యూటన్ మీటర్లు, కానీ మీ కారు మాన్యువల్ చెప్పిన అంకెనే పాటించండి.

ప్రశ్న: మానిఫోల్డ్ పగిలితే వెల్డింగ్ సరిపోతుందా?

జవాబు: పోత ఇనుము కదా, మామూలు రాడ్డుతో అతికితే వెల్డింగ్ పక్కనే మళ్లీ పగులుతుంది. పగులు రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, ముక్కంతా వేడి చేసి, నికెల్ రాడ్డుతో అతికి, ఇసుకలో పాతిపెట్టి మెల్లగా చల్లారనిస్తే కొన్నాళ్లు నిలుస్తుంది. ఇంత కష్టం కంటే పగులు లేని పాత మానిఫోల్డ్ వెతుక్కోవడమే మేలు. పూత పేస్టులు ఎక్కువ కాలం నిలవవు.

ప్రశ్న: లీకు పోయింది, కానీ ఇంజిన్ ఐడిల్‌లో వణుకుతోంది. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు వల్లా?

జవాబు: మసి పట్టి తెరుచుకుని ఉండిపోతే అలాగే వణుకుతుంది. వాక్యూమ్‌తో పనిచేసే రకమైతే విప్పి, సూది కూర్చునే చోట మసి గీకి, కార్బ్యురేటర్ క్లీనర్‌తో కడగండి. డయాఫ్రం (వాల్వును కదిపే పొర) మీద మాత్రం అది పడనివ్వకండి, రబ్బరు పాడవుతుంది. తిరిగి బిగించాక ఐడిల్‌లో చేతి పంపుతో వాల్వుకు వాక్యూమ్ ఇవ్వండి. ఇంజిన్ తడబడాలి, లేదా ఆగిపోవాలి. ఏ మార్పూ లేకపోతే డయాఫ్రం చిరిగి ఉండాలి, లేదా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి (ఇంజిన్‌కు గాలి వెళ్లే గొట్టాల్లోకి) పోయే దారి మసితో పూడి ఉండాలి.