ఇంగ్లండులోని నార్ఫోక్ పల్లెలకు చర్చి గురువుగా వెళ్తున్న నా మేనకోడలికి

చిట్టితల్లీ,

డోర్నకల్ నుంచి మామయ్య ఆశీస్సులు. నీకు నార్ఫోక్‌లో పల్లెలు అప్పగించారని, ఒక గుడి కాదు ఐదు గుళ్లని, నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది, సంతోషంతోనే. నాకూ గుండె నిండిపోయింది. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. 1994 మార్చి 12న బ్రిస్టల్ కెథీడ్రల్‌లో ఇంగ్లండు చర్చిలో మొట్టమొదటిసారి 32 మంది స్త్రీలను గురువులుగా అభిషేకించిన రోజు నేను మీ నార్ఫోక్‌లోనే గురువుగా ఉన్నాను. మా గుడికి వచ్చేవాళ్లలో ఇద్దరు ఆ తర్వాతి ఆదివారం నుంచి రావడం మానేశారు. ఆ పల్లెల్లోనే మన ఇంటి ఆడపిల్ల రొట్టె విరిచి పంచుతుందని అప్పుడు ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఇంటిని వెచ్చబెట్టే నూనె తొట్టి సగానికి దిగకముందే నింపించు. గుడిలో పాత బల్ల ఒకటి తీసేయాలన్నా డయోసిస్ నుంచి, అంటే బిషప్పు కార్యాలయం నుంచి, రాతపూర్వకంగా అనుమతి రావాలి, తొందరపడకు. గబ్బిలాల జోలికి పోకు, చట్టం వాటిని కాపాడుతుంది. చర్చి వార్డెన్లతో పంతానికి పోకు, గుడి తాళాలతోపాటు ఊరి సంగతులన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. ఇళ్లకు వెళ్లు, టీ ఇస్తే తాగు.

చీకటిపడ్డాక ఆ సన్నని దారుల్లో కారు తోలడం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. బీటుదుంపలు తవ్వే రోజుల్లో ట్రాక్టర్లు దారిపొడవునా బురద రాల్చుకుంటూ పోతాయి. దానిమీద మంచు పడితే కారు మన మాట వినదు. ఒక జనవరి రాత్రి నేను కాలవలోకి జారిపోయి, మనిషి అలికిడి కోసం గంటన్నర కూర్చున్నాను. నువ్వు ఒక్కదానివే ఉంటావు. మీటింగు ఎనిమిదికి అయిపోతే తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉండాలి. ఊళ్లో ఒక ఇంటివాళ్లకు ఆ మాట చెప్పి పెట్టుకో. నవ్వకు, చెప్పి పెట్టుకో.

నీ ఇంటికి రెండు అడుగుల దూరంలో పాత రెక్టరీ, అంటే ఒకప్పటి గురువు ఇల్లు, కనిపిస్తుంది. పెద్ద మేడ, గుర్రపుశాల, పండ్లతోట. ఇప్పుడది వేరేవాళ్లది, నీకిచ్చేది చిన్న ఇల్లు. బెంగపడకు. ఆ మేడ ఎలా నిలబడిందో తెలుసుకుంటే నీకే దానిమీద మోజు పోతుంది. అప్పట్లో ఊరి పంటలో పదోవంతు గుడిది. ధాన్యం, గడ్డి లాంటి పెద్ద భాగం రెక్టరుకు, గొర్రెపిల్లలు, గుడ్లు, పండ్లలాంటి చిన్న భాగం వికారుకు. ఊరి గురువుకున్న ఆ రెండు పేర్లకూ తేడా అక్కడే మొదలైంది. పంట కోసినవాడి కళ్లముందే పదో పన గురువు కొట్టానికి పోయేది. 1836లో చట్టం చేసి దాన్ని డబ్బు రూపంలోకి మార్చారు కాని, మనసుల్లో ఉన్న కోపాన్ని ఏ చట్టం మారుస్తుంది?

అందరూ ఒకేలా ఉన్నారని అనను. మీ జిల్లాలోనే వెస్టన్ లాంగ్‌విల్ అనే ఊళ్లో జేమ్స్ వుడ్‌ఫోర్డ్ అనే ఆయన 1776 నుంచి 1803లో చనిపోయేదాకా ఉన్నాడు. ఏం తిన్నాడో, ఎవరికి ఎంత ఇచ్చాడో రోజూ డైరీలో రాసుకున్నాడు. పదోవంతు చెల్లించడానికి వచ్చిన రైతులందరికీ ఆ రోజు ఇంట్లో విందు పెట్టేవాడు. క్రిస్మస్ నాడు ఊళ్లోని పేద ముసలివాళ్లను పిలిచి భోజనం పెట్టి, తలా ఒక షిల్లింగు చేతిలో పెట్టి పంపేవాడు. మంచి మనిషి. అయినా ఆ బల్ల ఆయనది, వడ్డించేది ఆయన, తినేవాళ్లు వాళ్లు. ఆ తేడా గుర్తుంచుకో.

జోసెఫ్ ఆర్చ్ కథ నీ చిన్నప్పుడు చెప్పాను, జ్ఞాపకం ఉందా? వార్విక్‌షైర్‌లో బార్‌ఫర్డ్ ఊరి కూలివాడి కొడుకు. గుడిలో పెద్దవాళ్లు రొట్టె, ద్రాక్షరసపు సంస్కారం తీసుకుంటుంటే పిల్లవాడు బయట నిలబడి తాళంచెవి రంధ్రంలోంచి చూశాడు. ముందు జమీందారు ఒక్కడే వెళ్లి మోకరించాడు. ఆయన తిరిగొచ్చాక రైతులు, తర్వాత వ్యాపారులు, చేతిపనివాళ్లు. అందరూ అయిపోయాక, చిట్టచివరికి, పొలం కూలివాళ్లు, వాళ్లలో ఆ పిల్లవాడి తండ్రి. ఆ పిల్లవాడే పెద్దయ్యాక 1872లో వ్యవసాయ కూలీల సంఘం పెట్టాడు, 1885లో మీ వాయవ్య నార్ఫోక్ నుంచే పార్లమెంటుకు వెళ్లాడు. అతని సంఘం కూలి పెంచమని అడిగినప్పుడు పల్లె గురువుల్లో ఎక్కువమంది భూస్వాముల వైపే నిలబడ్డారు. వరుసలో చివర నిలబడడమంటే ఏమిటో మన తాతను అడగాల్సిన పనిలేదు, ఆయన బావి దగ్గర ఎక్కడ నిలబడేవాడో నీకు తెలుసు. మన డోర్నకల్ మొదటి బిషప్పు అజరయ్యగారి కాలంలో ఆయన మొదటిసారి అందరి పక్కనా మోకరించి రొట్టె అందుకున్నాడు, ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదట. అందుకే చెబుతున్నాను. నువ్వు గిన్నె పట్టుకున్నప్పుడు వరుస చివర ఎవరున్నారో చూడు.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 11కి దగ్గరగా వచ్చే ఆదివారం అక్కడ ప్రతి ఊళ్లో యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. పదకొండు గంటలకు రెండు నిమిషాల మౌనం. నేను వెళ్లిన మొదటి ఏడాది చర్చి వార్డెను చదివాడు. రెండో ఏడాది ఆయనకు జబ్బు చేసి నా మీద పడింది. రాతిమీద మొత్తం 29 పేర్లు. నార్ఫోక్ పేర్ల సంగతి నీకు ఇంకా తెలియదు. వైమండ్‌హామ్ అని రాసి ఉంటుంది, విండమ్ అంటారు. హాపిస్‌బర్గ్ అని రాసి ఉంటుంది, హేజ్‌బరో అంటారు. ఇంటిపేర్లూ అంతే. అందరి ముందు తప్పు పలికితే ఏమనుకుంటారోనని నా గుండె దడదడలాడింది. పక్క ఊళ్లో పన్నెండింటికి ఆరాధన ఉందని నాకు నేనే సర్దిచెప్పుకుని, “ఈ రాతిమీద ఉన్నవారందరినీ జ్ఞాపకం చేసుకుందాం” అని ఒక్క మాటతో ముగించాను.

అందరూ వెళ్లిపోయాక ఒక ముసలావిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బూడిదరంగు కోటుకు కుడివైపున మూడు పతకాలు. సొంతవైతే ఎడమవైపు పెట్టుకుంటారు, చనిపోయినవాళ్లవైతే కుడివైపు. “మా అన్న పేరు మీరు చదవలేదు” అంది. టైము చాలలేదని చెప్పాను. ఆమె తల ఊపి, చేతికర్ర ఆనించుకుంటూ వెళ్లిపోయింది. ఆ అన్న ఓడతోపాటు సముద్రంలో మునిగిపోయాడని, సమాధి అంటూ లేదని, ఏడాదికి ఆ ఒక్కసారే ఆ ఊళ్లో ఎవరైనా అతని పేరు పైకి పలుకుతారని వార్డెను భార్య ఆ సాయంత్రం చెప్పింది.

మర్నాడే పేర్లు కాగితం మీద రాసుకుని ఆమె ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. క్షమించానని అనలేదు, కోపమూ చూపలేదు. కళ్లజోడు పెట్టుకుని, వంటింటి బల్ల మీద ఆ కాగితం పరిచి, ఒక్కొక్క పేరూ నాచేత పలికించింది. తప్పు పలికితే చేత్తో బల్లమీద చిన్నగా తట్టేది. పేరు సరిగ్గా వచ్చాక ఆ అబ్బాయి ఏ ఇంటినుంచి వెళ్లాడో చెప్పేది. మిల్లు పక్క ఇల్లు. పోస్టాఫీసు పైగది. ఒకే ఇంటినుంచి ముగ్గురు. రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత ఆ ఊళ్లో నడుస్తుంటే నాకు ఇళ్లన్నీ వేరేగా కనిపించాయి.

తర్వాతి నవంబరులో 29 పేర్లూ తప్పు లేకుండా చదివాను. ఆమె వినలేదు. సెప్టెంబరులోనే ఆమెను నా చేతులతో సమాధి చేశాను. నేను ఎగ్గొట్టిన నవంబరే ఆమెకు చివరిది.

నువ్వు లెస్టర్‌లో పెరిగావు, పేర్లు పలకడానికి నీకు ఆ బెరుకు లేదు. ఇంకేదో ఉంటుంది. జబ్బుమనిషి మంచం దగ్గరికి వెళ్లడానికో, నిన్ను చూసి మొహం తిప్పుకున్న ఇంటి తలుపు తట్టడానికో. అప్పుడు నీ నోటికి కూడా “టైము లేదు” అనే మాటే వస్తుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, దేనికి భయపడుతున్నావో చూసుకో, అమ్మా.

పేర్లు నిలపడం మన పనిలో చాలా పాతది. 1538లో హెన్రీ రాజు దగ్గర ఉన్న థామస్ క్రామ్‌వెల్ ప్రతి గుడిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ ఇచ్చాడు. అప్పటినుంచి పాలేరు బిడ్డ పేరు, ప్రభువు బిడ్డ పేరు ఒకే పుస్తకంలో ఉన్నాయి. కార్న్‌వాల్‌లో మోర్వెన్‌స్టో గుడి గురువు రాబర్ట్ హాకర్ ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నలభై మందికి పైగా నావికులను తన గుడి ఆవరణలో సమాధి చేశాడు. అంతకుముందు అలాంటివాళ్లను తరచు ఇసుకలోనే పూడ్చేసేవారు. ఇంగ్లండు గుళ్లలో ఇప్పుడు చేసే కోతపండుగకు 1843లో దారి చూపినవాడు కూడా ఆయనే. మన డోర్నకల్ కోతపండుగకు మీ అమ్మమ్మ రోజూ పిడికెడు బియ్యం తీసి దాచేది కదా, అక్టోబరులో ఆ ఊరివాళ్లు గుమ్మడికాయలూ ఆపిళ్లూ మోసుకొస్తుంటే నాకు ఆ బియ్యపు కుండే గుర్తొచ్చేది.

మందపాటి ఊలు మేజోళ్లు నాలుగు జతలు కొనుక్కో, రాతి గుళ్లలో చలి పాదాల నుంచే ఎక్కుతుంది. గోంగూర పచ్చడి మీ అత్తయ్య పంపుతుంది.

నవంబరులో నీ ఐదు ఊళ్ల రాళ్లమీద ఉన్న పేర్లన్నీ ముందుగా నాకు ఫోటో తీసి పంపు. అక్కడ పదకొండు అయ్యేసరికి ఇక్కడ సాయంత్రం నాలుగున్నర అవుతుంది. ఏటా ఆ వేళకు వసారాలో కూర్చుని ఆ 29 పేర్లు చదువుకుంటాను. ఈసారి నీవి కూడా చదువుతాను.

నీ మామయ్య