పాత టీబీ మచ్చ అమెరికా మెడికల్‌లో బయటపడుతుందని భయం

ప్రశ్న: నా వయసు 58. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. సిటిజన్‌షిప్ వచ్చాక మా ఇద్దరికీ గ్రీన్‌కార్డుకు పెట్టాడు. వచ్చే నెల హైదరాబాదులో మెడికల్, ఆ తర్వాత ముంబైలో ఇంటర్వ్యూ. 2003లో నాకు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోయింది. అప్పుడు అబ్బాయి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. చదువు పాడవుతుందని వాడికి చెప్పలేదు, ఇప్పటికీ తెలియదు. "ఎవరడిగినా లేదనే చెప్పు, ఇరవయ్యేళ్ళ నాటి సంగతి ఎవరు కనిపెడతారు?" అంటున్నారు మావారు. నాలుగు నెలల్లో కోడలికి కాన్పు. నా మూలంగా ఇద్దరి వీసాలూ ఆగిపోతాయేమో, సంగతి తెలిస్తే కోడలు బిడ్డను నా చేతికి ఇవ్వదేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఒక్కసారి దగ్గినా గుండె దడ. షుగరు, బీపీ కూడా ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మెడికల్ చేసే డాక్టరు దగ్గర టీబీ సంగతి దాచకండి. టీబీ వచ్చి తగ్గినవాళ్ళకు అమెరికా వెళ్ళే దారి ఉంది. అబద్ధమాడి దొరికితే, మీ పరిస్థితిలో ఉన్నవాళ్ళకు ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. మీవారు మీ మేలు కోరే ఆ మాట అన్నారు, అందులో అనుమానం లేదు. అయితే ఆయన చూపిస్తున్న దారిలోనే అసలు ప్రమాదం ఉంది.

మెడికల్ రోజున మీ పాత జబ్బుల గురించి అడిగి ఫారం నింపుతారు, టీబీ వచ్చిందా అని సూటిగానే అడుగుతారు. వీసా కోసం ముఖ్యమైన విషయాన్ని కావాలని తప్పుగా చెబితే అమెరికా వలస చట్టం శాశ్వత నిషేధం విధిస్తుంది. దాన్నుంచి మినహాయింపు కోరాలంటే అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న భర్త గానీ, తల్లి గానీ, తండ్రి గానీ ఉండాలి. కొడుకు పౌరుడైనంత మాత్రాన చాలదు. అంటే ఇప్పటి పరిస్థితిలో మీకు ఆ మినహాయింపు అడిగే అర్హతే ఉండదు. టీబీ విషయంలో అదే చట్టం వేరేలా ఉంది. జబ్బు ఇంకా ఉందని తేలినా, కొడుకో కూతురో అక్కడి పౌరులైతే మినహాయింపు అడగవచ్చు. చాలామందికి అంతదూరం వెళ్ళే పని కూడా ఉండదు, వైద్యం పూర్తి చేసుకుంటే వీసా కదులుతుంది. దాచాలా వద్దా అని మీవారితో మాట్లాడేటప్పుడు ఈ తేడా ఒక్కటి చెప్పండి, చాలు.

"ఎవరు కనిపెడతారు" అన్నదానికి జవాబు ఎక్స్‌రే. 15 ఏళ్ళు, ఆపైన ఉన్న ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల టీబీ మానినచోట, సాధారణంగా పైభాగాల్లో, గట్టిపడిన మచ్చ మిగిలిపోతుంది. అది ఏళ్ళు గడిచినా పోదు. కొందరికి కనబడనంతగా మానుతుంది, మీదీ అలా ఉండవచ్చు. అలా ఉన్నా అడిగినదానికి నిజమే చెప్పాలి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మచ్చ కనబడితే "అన్‌ఫిట్" అని రాసేస్తారని అనుకుంటారు. గల్ఫ్ మెడికల్‌కు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే మాటలు విని ఈ భయం పెరుగుతుంది, కానీ అమెరికా పద్ధతి వేరు. మచ్చ పాతదా, లోపల జబ్బు ఇంకా ఉందా అన్నది ఒక్క ఫిల్ము చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే తెమడ పరీక్ష అడుగుతారు. పాత ఎక్స్‌రేలో కూడా ఇదే మచ్చ ఉందని చూపించినా ఆ పరీక్ష తప్పదు. కాబట్టి పరీక్ష రాశారంటే జబ్బు తిరగబెట్టిందని అర్థం కాదు.

తెమడ పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. కనీసం 24 గంటల తేడాతో వరుసగా మూడు పనిరోజులు, పొద్దున్నే, వాళ్ళ సిబ్బంది ఎదురుగా కళ్ళె ఇవ్వాలి. మధ్యలో ఆదివారం పడితే ఇంకా ఎక్కువ రోజులు ఉండాల్సి రావచ్చు, అందుకని మెడికల్ సోమవారమో మంగళవారమో ఉండేలా చూసుకుని, హైదరాబాదులో వారం రోజులు ఉండేలా వెళ్ళండి. ఇవ్వాల్సింది నోట్లో ఊరే ఉమ్మి కాదు, ఛాతీ లోపలి నుంచి దగ్గితే వచ్చే చిక్కటి తెమడ. ఒక్కోసారి కనీసం 5 మిల్లీలీటర్లు కావాలి, అంటే చెంచాడు. ముందు మంచినీళ్ళతో నోరు పుక్కిలించండి. రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, కాసేపు ఆపి, లోపలి నుంచి దగ్గండి. దగ్గే లేనివాళ్ళకు తెమడ రాదు. మీకూ అలా అయితే కంగారు పడకండి, ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పిస్తారు. ఉమ్మి ఇచ్చినా, వేరే సూక్ష్మజీవులు కలిసి నమూనా పాడైనా మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది. అక్కడే నెలలు జారిపోతాయి.

సూక్ష్మదర్శినిలో చూసే ఫలితం తొందరగానే వస్తుంది. ఆలస్యమయ్యేది కల్చర్, అంటే తెమడలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష. టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అందుకని లేదని తేల్చడానికి ఎనిమిది వారాల దాకా చూస్తారు. ఎవరితో చెప్పించినా అది ముందుకు జరగదు. "రిపోర్టు ఇంకా రాలేదు, ఏదో దొరికి ఉంటుంది" అని మీరు ఊహించుకునే రోజులు ఇవే అవుతాయి. నిజానికి ఆలస్యం అవుతోందంటే చాలాసార్లు ఏమీ పెరగడం లేదనే.

మూడు నమూనాల్లోనూ ఏమీ లేకపోతే మిమ్మల్ని బీ1 అనే ఆరోగ్య వర్గంలో వేసి పంపుతారు. వీసా వస్తుంది. కాకపోతే ఆ మెడికల్ చెల్లుబాటు మూడు నెలలే ఉంటుంది, మామూలుగా అయితే ఆరు నెలలు. ఆ గడువులోగా ప్రయాణం పెట్టుకోవాలి. డల్లాస్ చేరాక అక్కడి ఆరోగ్య శాఖ నుంచి ఫోను వస్తుంది, ఒకసారి వచ్చి చూపించుకోమంటారు. దానివల్ల గ్రీన్‌కార్డుకు ఏ ముప్పూ లేదు, తప్పకుండా వెళ్ళండి. మెడికల్ వాళ్ళు ఎక్స్‌రే సీడీ ఇస్తే చేతిసంచిలో పెట్టుకోండి.

ఒకవేళ క్రిమి పెరిగితే వైద్యం పూర్తయ్యే దాకా వీసా ఆగుతుంది. మందులకు లొంగే మామూలు టీబీకి సాధారణంగా ఆరు నెలల వైద్యం, ఆపైన మళ్ళీ తెమడ పరీక్షలు. ఇందులో జాగ్రత్త ఏమిటంటే, అమెరికా వాళ్ళు గుర్తించిన కేంద్రంలో, సిబ్బంది కళ్ళెదుట మింగిన మందులే లెక్కలోకి వస్తాయి. ఊళ్ళో తెలిసిన డాక్టరు దగ్గర మొదలుపెట్టేస్తే ఆ నెలలు పోయినట్టే. అప్పుడు ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి మీవారినీ మళ్ళీ చూస్తారు.

ఈ నెల రోజుల్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. "ముందు జాగ్రత్తగా" టీబీ మందులు మింగకండి. దగ్గు వచ్చిందని మందుల షాపులో లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ తెచ్చుకుని వాడకండి. అవి టీబీ క్రిమిని కొంత అణచి పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి, మందులు మానాక జబ్బు బయటపడుతుంది. ఏ డాక్టరైనా రాస్తే, టీబీ పరీక్షకు వెళ్తున్నానని చెప్పి అడగండి. ఎక్స్‌రే మార్పిస్తామనో, వేరేవాళ్ళను నిలబెడతామనో చెప్పే ఏజెంట్ల జోలికి అసలు వెళ్ళవద్దు. అది పాస్‌పోర్టు, ఫొటో చూసి చేసే పరీక్ష, దొరికితే పైన చెప్పిన నిషేధమే. ఒక సెంటర్లో మొదలయ్యాక మరో సెంటర్లో మళ్ళీ చేయించుకుందామన్నా కుదరదు.

చేయాల్సింది, ఛాతీ డాక్టరును ఈ వారంలోనే కలవడం. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం, వీటిలో ఏదైనా ఉంటే మెడికల్ దాకా ఆగకండి. ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. ఏవీ లేకపోతే మీ దగ్గు భయం తెచ్చిన దగ్గే కావచ్చు, ఆ మాట డాక్టరు నోటి నుంచి వింటే మనసు కుదుటపడుతుంది. పాత కాగితాలు వెతకండి. 2003 నాటి ఎక్స్‌రే ఫిల్ములు, మందుల చీటీలు, డాట్స్ కార్డు ఏది దొరికినా పనికొస్తుంది. ప్రభుత్వ కేంద్రంలో వాడి ఉంటే ఆ ఆసుపత్రిలోనూ, జిల్లా టీబీ అధికారి కార్యాలయంలోనూ అడిగి చూడండి. ఏమీ దొరక్కపోతే ఏ నెలలో మొదలైంది, ఎన్ని నెలలు, ఎక్కడ, మధ్యలో ఆపారా, ఏ మందులు అన్నది గుర్తున్నంత వరకు ఒక తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్ళండి. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి, ఊహించి చెప్పొద్దు.

షుగరు, బీపీలు ఉన్నంత మాత్రాన మెడికల్‌లో ఆపరు. ఇంటర్వ్యూలో అధికారి మీ పోషణ భారం ఎవరిదన్నది చూసేటప్పుడు వయసు, ఆరోగ్యం కూడా పరిగణిస్తారు. కాబట్టి అబ్బాయి ఆదాయ పత్రాలు గట్టిగా ఉండాలి, మీకు అక్కడ ఆరోగ్య బీమా ఎలా తీసుకుంటాడో ముందే చూసి పెట్టుకోవాలి. మందులు మానకుండా వేసుకుని వెళ్ళండి, చీటీలు వెంట ఉంచుకోండి. టీకాలు వయసును బట్టి అక్కడే నిర్ణయిస్తారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటే చెప్పండి, ఆ టీకా అవసరం పడకపోవచ్చు. ఎక్స్‌రేకు మెడలో లోహం ఏదీ ఉండకూడదు, నీడ పడితే మళ్ళీ తీయాల్సి వస్తుంది. మంగళసూత్రాలు తీయడం మీకు బాధనిపిస్తే, ముందురోజే పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని, బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఆ దారం గురించి కూడా ఎక్స్‌రే తీసే అమ్మాయికి ఒక మాట చెప్పండి.

మీవారి వీసా సంగతి. తల్లికీ తండ్రికీ అబ్బాయి వేసిన పిటిషన్లు వేర్వేరు. మీది ఆగినా ఆయనది ఆగక్కర్లేదు. ఆయన మెడికల్ ఆరు నెలలు చెల్లుతుంది కాబట్టి, మీకు కల్చర్ రాసినా ఇద్దరూ కలిసి ఎక్కే వీలు చాలావరకు ఉంటుంది. ఇంటర్వ్యూ తేదీకి మీ రిపోర్టు రాకపోతే వాయిదా అడగడం మేలు. ఒకవేళ వెళ్ళారే అనుకోండి, 221(జీ) అన్న కాగితం ఇస్తారు. దాని మీద తిరస్కరణ అన్న మాట ఉంటుంది, దాన్ని చూసి కుంగిపోవద్దు. మెడికల్ రిపోర్టు అందాక ఫైలు మళ్ళీ కదులుతుంది. వీసా చేతికొచ్చే దాకా టికెట్లు కొనకండి, పొలం కౌలుకివ్వకండి, పాడిగేదెలు ఉంటే అమ్మకండి.

ఇక అబ్బాయికి చెప్పడం. మెడికల్‌కు ముందే చెప్పాలి, వీలైతే ఈ ఆదివారమే. ఇంటర్వ్యూ తేదీలు చూసేదీ, ఈమెయిళ్ళు చదివేదీ వాడే. తెమడ పరీక్ష రాస్తే ఆ సంగతి వాడికి తెలియకుండా ఉండదు. అప్పుడు తెలిస్తే జబ్బు కంటే దాచారన్నదే ఎక్కువ బాధపెడుతుంది. ఫోను మీరే చేయండి, మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. పెద్దగా ఉపోద్ఘాతం వద్దు. "నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు నాకు టీబీ వచ్చిందిరా, ఆరు నెలలు మందులు వాడాను, తగ్గిపోయింది. నీ చదువు పాడవుతుందని చెప్పలేదు. ఇప్పుడు మెడికల్‌లో అడుగుతారు, నిజమే చెబుతాను. రెండు నెలలు ఆలస్యం కావచ్చు" అంటే సరిపోతుంది. వాడికి కోపం వస్తే రానివ్వండి, ఆ రోజే సర్దిచెప్పాలని చూడకండి.

కోడలికి అబ్బాయి చేతే చెప్పించండి, కానీ తప్పకుండా చెప్పించండి. కడుపుతో ఉన్న పిల్లకు వేరే దారిలో తెలిస్తే లేని అనుమానాలు పుడతాయి. పూర్తిగా మందులు వాడి తగ్గిన మనిషి నుంచి టీబీ అంటుకోదు, పాత మచ్చ అంటించదు. పైగా తెమడ పరీక్ష రాస్తే, మీరు మూడు కల్చర్లలో ఏమీ లేదని తేల్చుకునే వెళ్తారు. ఇంట్లోకి వచ్చిపోయే పెద్దల్లో అంత పరీక్ష చేయించుకున్నవాళ్ళు అరుదు. ఆ అమ్మాయికి ఇంకా భయముంటే పిల్లల డాక్టరునే అడగమనండి, నొచ్చుకోకండి.

నిద్ర పట్టని రోజులు రెండు వారాలు దాటితే, అన్నం సయించకపోతే, షుగరు లెక్కలు కూడా తప్పుతాయి. మీ డాక్టరుకు ఆ సంగతీ చెప్పండి. రాత్రివేళ మరీ కష్టంగా ఉంటే టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కాన్పు లెక్క ఇప్పుడే వేసుకోండి. మెడికల్ వచ్చే నెల, దాని మీద కల్చర్ రెండు నెలలు, ఆపైన ఇంటర్వ్యూ, వీసా ముద్ర. కాన్పు నాటికి మీరు అక్కడ ఉండకపోవచ్చు. ఆ నెల రోజులకు వియ్యపురాలు వెళ్ళగలరేమో, లేదా అక్కడే సాయానికి ఎవరైనా దొరుకుతారేమో ఇప్పటినుంచే చూడమని అదే ఫోనులో అబ్బాయికి చెప్పండి.