తమ్ముడు చేసిన హిప్-హాప్ బీట్ మీద నిజాయితీగా అభిప్రాయం ఎలా చెప్పాలి?

తమ్ముడు ల్యాప్‌టాప్‌లో బీట్ (ర్యాప్ వెనక వినిపించే సంగీతం) చేసి వినిపిస్తే 'బాగుంది' అని వదిలేయడం అతనికి సాయం కాదు. 'బాలేదు' అన్నా అంతే. ఏది బాలేదో తెలియకపోతే దేన్ని సరిదిద్దుకుంటాడు?

ముందు రెండుసార్లు వినండి, ఒకసారి మంచి హెడ్‌ఫోన్స్‌లో, ఒకసారి ఫోన్ స్పీకర్‌లో. కొత్తవాళ్ల బీట్లలో నాకు ఎక్కువగా కనిపించే లోపం బేస్ దగ్గరే. కిక్ (డ్రమ్స్‌లో 'ధబ్' మనే లోతైన దెబ్బ), 808 బేస్ (TR-808 డ్రమ్ మెషీన్ నుంచి వచ్చిన, సాగుతూ మోగే లోతైన శబ్దం) రెండూ దాదాపు 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్యే ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి మింగేస్తాయి. 'బేస్ గజిబిజిగా ఉంది' అని ఆగిపోకుండా, 'రెండో బార్‌లో (తాళపు రెండో ఆవృత్తిలో) కిక్ వినపడటం లేదు, అది పడే క్షణంలో 808ని కాస్త తగ్గించి చూడు' అనండి. 808 మెలడీతో శ్రుతి కలిసిందో లేదో కూడా గమనించండి. చాలామంది దాన్ని వట్టి డ్రమ్ అనుకుని శ్రుతి చేయరు.

లయ విషయంలో మాత్రం తొందరపడి తప్పు పట్టకండి. డెట్రాయిట్‌కు చెందిన హిప్-హాప్ ప్రొడ్యూసర్ జె డిల్లా డ్రమ్స్‌ని కావాలనే గ్రిడ్‌కి (తాళాన్ని సమంగా విభజించే గీతలకి) కాస్త అటూ ఇటూగా వాయించేవాడు, ఆ ఊగే లయే అతని ముద్ర. అందుకే 'ఈ స్నేర్ (డ్రమ్స్‌లో 'టక్' మనే పదునైన దెబ్బ) ఆలస్యంగా పడటం కావాలని చేసిందేనా?' అని అడగండి.

ర్యాపర్‌కి చోటుందా? మెలడీ నిండా పరిచేస్తే గొంతు ఎక్కడ నిలబడుతుంది? మీరే దాని మీద నాలుగు మాటలు పలికి చూడండి, వెంటనే తెలుస్తుంది.

నచ్చినదాన్ని కూడా ఇంతే కచ్చితంగా చెప్పండి. ఏ సెకను దగ్గర మీ తల ఊగిందో తెలిస్తే, మిక్స్ మార్చేటప్పుడు దాన్ని పోగొట్టుకోడు.