వనభోజనాలకు కుక్కల్ని తీసుకెళ్తున్న అమ్మడికి

విజయనగరం

అమ్మడూ,

కార్తీక వనభోజనాలకు కళింగపట్నం వెళ్తున్నామని, గుండునీ తెల్లినీ కూడా తీసుకెళ్లాలని ఉందని ఫోన్లో అన్నావు. తీసుకెళ్లు. ఇంట్లో కట్టేసి పోతే అవి రోజంతా ఏడుస్తాయి, పక్కింటివాళ్లు మీ మీద ఏడుస్తారు. కానీ ముందు ఒక్కటి తేల్చుకో: ఆ రోజు కుక్కలు ఎవరి చేతిలో ఉంటాయి? "అందరం చూసుకుంటాంలే పెద్దమ్మా" అన్నావంటే ఎవరూ చూడరనే లెక్క. భోజనాల వరకు నువ్వు, ఆ తర్వాత మీ ఆయన అని పేరు పెట్టి మరీ అప్పగించు. గొలుసు పట్టుకున్న మనిషి ఫోన్ పట్టుకోకూడదు.

బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపెయ్, లేకపోతే కార్లో కక్కుతాయి. నీళ్లు మాత్రం పెట్టు. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బకు అంత చిన్న ప్రాణం తట్టుకోదు. వెనక సీట్లో బుట్టలో పెట్టి, బుట్ట కదలకుండా కట్టండి.

నా బెంగంతా గుండు గురించే. పగ్ కదా. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. దాని మూతేమో నొక్కుకుపోయి ఉంటుంది, పైగా సముద్రం పక్కన గాలిలో తేమ. కార్తీకమైతే మాత్రం, పది దాటితే ఇసుక మీద ఎండ చురుక్కుమంటుంది. ఏడింటికల్లా అక్కడ ఉండి, ఎండెక్కేలోపు సరుగుడు తోటల నీడకు వచ్చెయ్యండి. అరచేతి వెనక వైపు ఇసుక మీద ఆనించి చూడు. ఐదు సెకన్లు ఉంచలేకపోతే వాటిని నడిపించకు.

రొప్పుడు గురకలా మారిందా, నాలుక బాగా ఎర్రబడి బయటికి వేలాడుతోందా, చొంగ చిక్కగా జారుతోందా చూస్తుండు. నడక తూలిందంటే ఇక ఆలోచించొద్దు. నీడకు తెచ్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, విసురుతూ డాక్టరు దగ్గరికి బయల్దేరు. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే, 104 దాటితే ప్రమాదం. తడిగుడ్డ కప్పి వదిలెయ్యకు, వేడి లోపలే నిలిచిపోతుంది. తెల్లికి బొచ్చు ఎక్కువని గొరిగించాలనుకుంటున్నావట, వద్దు. పొమెరేనియన్‌కు ఆ బొచ్చే ఎండకు అడ్డు, గొరిగితే మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు కూడా.

ఇక తిండి. మీ పిల్లలు పాయసం గిన్నెలు పట్టుకుని కుక్కల చుట్టూ తిరుగుతారు. అందులో కిస్మిస్ ఉంటుంది, కుక్కల కిడ్నీలు పాడవుతాయి. కార్తీకమని మీ ఇంట్లో ఉల్లి మానేస్తారు సరే, దారిలో మీ ఆయన కొనుక్కొచ్చే పకోడీల సంగతేమిటి? ఉల్లి కుక్క రక్తానికి చేటు. వాటి అన్నం వేరే డబ్బాలో తీసుకెళ్లి, పిల్లలకు ముందే గట్టిగా చెప్పు.

ఒడ్డున జాలర్లు వలల్లోంచి ఏరి పారేసిన చేపలుంటాయి. ముట్టుకుంటే బంతిలా ఉబ్బే రకం చచ్చి పడి ఉన్నా విషమే. నోట కరుచుకున్నాక లాక్కోవడం కష్టం, అందుకే అక్కడ గొలుసు కురచగా పట్టుకో. ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచినీళ్లు మధ్యమధ్యలో నువ్వే పట్టించు. వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి దింపొద్దు, లాగేస్తుంది.

ఊరకుక్కలు వస్తే రాళ్లు వెయ్యకు. గొడుగు తెరిచి వాటికీ మనవాటికీ మధ్య అడ్డం పెట్టి, మెల్లగా వెనక్కి నడువు. పరుగెత్తితే వెంటపడతాయి.

శాలిహుండం కొండెక్కి స్తూపాలు చూడాలనుకుంటే ఒకరు కింద చెట్టు నీడన కుక్కలతో ఉండాలి. కార్లో మాత్రం పెట్టి వెళ్లొద్దు, అద్దం కాస్త దించినా సరే. తేలినీలాపురం పక్షుల దగ్గరికి వాటిని అసలు తీసుకెళ్లకు. ఇది అవి గూళ్లు కట్టే కాలం, కిందపడిన పిల్లను మన తెల్లి వదులుతుందా?

ఇంటికి రాగానే స్నానం కాదు, ముందు పిడుదులు చూడు. చెవుల లోపల, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో. తెల్లి బొచ్చును ఎదురు దువ్వితేగానీ కనబడవు. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగు, నలిపెయ్యకు. పాదాల్లో పల్లేరు కాయలు గుచ్చుకున్నాయేమో కూడా చూడు.

రేబిస్ టీకా గడువు ఇప్పుడే చూసుకో. ఆదివారం అందుబాటులో ఉండే డాక్టరు ఎవరో శనివారమే ఫోన్ చేసి కనుక్కుని నంబరు రాసుకో.

అన్నట్టు, ఉసిరిచెట్టుకు పూజయ్యేదాకా ఆ రెండింటినీ మీ అత్తగారి కంటపడనివ్వకు. ఆ తర్వాత ఆవిడే పెరుగన్నం పెడతారు, నాకు తెలుసు.

మీ పెద్దమ్మ