ఉగాండా వెళ్తున్నారా? ఎల్లో ఫీవర్ టీకా ఒక్కటే చాలదు

ప్రశ్న: నా వయసు 63. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్రలతో పాటు రాత్రి ఇన్సులిన్ పెన్ను వాడుతున్నాను. మా అబ్బాయి ఉగాండా రాజధాని కంపాలాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెలాఖరున నేను, మా ఆవిడ (58) వెళ్లి మూడు నెలలు ఉండాలనుకుంటున్నాం. ఎల్లో ఫీవర్ టీకా ఈ వయసులో వేయించుకోవచ్చా? ఎబోలా అన్నా భయంగానే ఉంది. మలేరియా అంటారా, చిన్నప్పుడు ఎన్నోసార్లు వచ్చిపోయింది, మాకు కొత్తేం కాదు. ఇంకా ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొత్తేం కాదని మీరు కొట్టిపారేసిన మలేరియాతోనే మొదలుపెడతానండీ. అక్కడ మీకు అసలు ముప్పు దాంతోనే. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఇప్పుడు మిమ్మల్ని కాపాడదు. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. ఒకటి రెండు రోజులు అశ్రద్ధ చేస్తే మెదడు, కిడ్నీల దాకా పోతుంది. కంపాలా నగరంలోనూ ఉంది. మనవాళ్లు కొందరు క్లోరోక్విన్ పట్టుకెళ్తుంటారు, అక్కడ అది పనిచేయదు. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకొకటి, ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడటం ఒక పద్ధతి. వేరే మందులూ ఉన్నాయి. మీకు ఏది సరిపడుతుందో మీ రిపోర్టులు చూసి మీ డాక్టరే తేల్చాలి. డాక్సీసైక్లిన్ అయితే అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకండి. మీ ఆవిడ కాల్షియం మాత్రలు వాడుతుంటే రెంటికీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉండాలి. మాత్ర వేసుకుంటున్నాం కదా అని దోమతెర మానొద్దు. చీకటి పడ్డాక నిండు చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి.

ఇక ఎల్లో ఫీవర్. ఇదీ దోమకాటుతో వచ్చే జబ్బే. టీకా కార్డు లేకుండా ఉగాండాలో అడుగుపెట్టనివ్వరు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ చూపించాలి, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ముందే ఫోన్ చేసి ఏ రోజు రావాలో కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి.

షుగర్ ఉన్నంత మాత్రాన టీకాకు అడ్డు లేదు. మీ వయసే కాస్త ఆలోచించాల్సిన విషయం. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ఫలితాలు, అరుదే అయినా, కొంచెం ఎక్కువ. ఎల్లో ఫీవర్ ఉగాండాలో నిజంగానే ఉంది కాబట్టి, ఇతరత్రా ఆరోగ్యంగా ఉంటే వేయించుకోమనే నేను చెప్తాను. కోడిగుడ్డు తీవ్రంగా పడకపోయినా, స్టెరాయిడ్ మాత్రలు లేదా క్యాన్సర్ మందులు వాడుతున్నా, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథికి జబ్బు ఉన్నా టీకా కేంద్రంలో దాచకుండా చెప్పండి. టీకా పనికిరాదని డాక్టర్ తేలిస్తే మినహాయింపు పత్రం ఇస్తారు. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, టెటనస్ టీకాల సంగతి కూడా పనిలో పనిగా అడిగేయండి.

ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. విమానం అడుగున వేసే సామానులో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. సూదులకు డాక్టర్ చీటీ, మందుల అసలు పేర్లతో (కంపెనీ పెట్టిన పేర్లు కాదు) ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచుకోండి. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలే వెనక, డోసు వేళ సర్దుకోవడం పెద్ద కష్టం కాదు. భూమధ్యరేఖ పక్కనే అయినా కంపాలా దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. ఖమ్మం మే ఎండలు చూసినవారికి అక్కడి వేడి ఓ లెక్క కాదు.

మీ అబ్బాయి విక్టోరియా సరస్సుకు తీసుకెళ్తాడు, అనుమానం లేదు. చూసి రండి, నీళ్లలో మాత్రం దిగొద్దు. అక్కడి నత్తల నుంచి నీళ్లలోకి వచ్చే పురుగు చర్మం గుండా లోపలికి పోయి బిల్హార్జియా అనే జబ్బు తెస్తుంది. మోకాలి లోతు నీళ్లయినా చాలు. క్లోరిన్ కలిపిన స్విమ్మింగ్ పూల్‌తో ఆ భయం లేదు.

చపాతీలో ఆమ్లెట్ చుట్టి అమ్మే 'రోలెక్స్' వేడివేడిగా పెనం మీంచి తీసిస్తే తినొచ్చు, షుగర్ లెక్క మీది. కోసి పెట్టిన పళ్లు, పచ్చి సలాడ్లు వద్దు. కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. షుగర్ పాదాలు కాబట్టి పెరట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగొద్దు.

ఎబోలా రోగి రక్తం, వాంతులు, ఇతర స్రావాలు తగిలితే వస్తుంది, గాలిలో ఎగిరొచ్చేది కాదు. బయల్దేరే ముందు అప్పటి పరిస్థితి మాత్రం కనుక్కోండి.

ఉగాండా వెళ్లిన వారం తర్వాత ఎప్పుడైనా, తిరిగొచ్చిన మూడు నెలల దాకా, జ్వరం వస్తే పారాసెటమాల్‌తో సరిపెట్టుకోకుండా అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. ఖమ్మంలో జ్వరం వస్తే ఉగాండా వెళ్లొచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. మొదటి పరీక్ష నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి.