సంతకం పెట్టకముందు

అమ్మాయీ,

నువ్వు ఫోన్లో పంపిన బ్రిటన్ నర్సు ఉద్యోగం ఆఫర్ లెటరు నైట్ డ్యూటీ దిగొచ్చాక ఒకసారి, నిద్ర లేచాక ఇంకోసారి చదివాను. రెండు పేజీల్లో జీతం నాలుగు చోట్ల ఉంది, బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ పేరు మాత్రం ఒక్క చోటా లేదు. ఆ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఊసెత్తకుండా నర్సు ఉద్యోగం ఇస్తామనేవాళ్ళు ఇచ్చేది నర్సు ఉద్యోగం కాదే తల్లీ. అయితే కేర్ హోమ్‌లో సహాయకురాలి పని, లేకపోతే శుద్ధ మోసం. పైగా ప్రాసెసింగ్ ఫీజంటున్నారు. ఉద్యోగం ఇప్పించినందుకు మన దగ్గర డబ్బు వసూలు చేయడం ఆ దేశంలో 1973 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ డబ్బు కట్టకు.

విదేశీ సిబ్బందిని స్పాన్సర్ చేసే లైసెన్సున్న సంస్థల జాబితాను బ్రిటన్ ప్రభుత్వమే తన వెబ్‌సైటులో పెడుతుంది. ఐదు నిమిషాల పని, వెతుకు. అందులో పేరున్నంత మాత్రాన మంచివాళ్ళని కాదు. పేరు లేకపోతే మాత్రం ఇంక మాట్లాడేదేం లేదు.

"ఏ దేశం మంచిది పెద్దమ్మా?" అనడిగావు. జీతాలు పక్కపక్కన పెట్టి చూసుకోకు, నువ్వెంత కాలం ఆగగలవో చూసుకో. అమెరికాకి ఎన్‌క్లెక్స్ అనే నర్సుల పరీక్ష పాసైతే చాలనుకుంటారు. అది లైసెన్సు వరకే, వీసా వరస వేరు, దానికి ఏళ్ళు పట్టొచ్చు. పరీక్ష మాత్రం రాసి పెట్టుకుంటే నష్టం లేదు. 85 నుంచి 150 దాకా ప్రశ్నలొస్తాయి. నీ జవాబుల్ని బట్టి కంప్యూటరే తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. 85 దగ్గర ఆగిపోయిందని బయటికొచ్చి ఏడవకు, బాగా రాసినవాళ్ళకీ అక్కడే ఆగుతుంది. జర్మనీకి వాళ్ళ భాష బి2 స్థాయి దాకా, అంటే తడుముకోకుండా మాట్లాడేంత రావాలి, అది ఆషామాషీ కాదు. నీ డిగ్రీకి గుర్తింపు వచ్చేదాకా అక్కడ సహాయకురాలిగానే చేయాలి. గల్ఫ్‌కి కంప్యూటరు మీద రాసే ప్రోమెట్రిక్ పరీక్ష, సర్టిఫికెట్లు అసలువేనా అని చూసే డేటాఫ్లో వెరిఫికేషన్. త్వరగా తేలుతుంది, డబ్బు మిగులుతుంది, కానీ స్థిరపడే చోటు కాదు. బ్రిటన్లో బయటివాళ్ళని తీసుకోవడం ఈమధ్య బాగా తగ్గించారు, కాబట్టి అది ఒక్కటే పట్టుకుని కూర్చోకు.

ఏ దేశమైనా ముందు రిజిస్ట్రేషన్ దారి చూసుకోవాలి, తర్వాతే ఉద్యోగం. నువ్వు తిరగేసి మొదలుపెట్టావు.

రిజిస్ట్రేషన్ పనంతా చదువు కంటే కాగితాలతోనే. పాస్‌పోర్టులో పేరెలా ఉందో డిగ్రీలో, మార్కుల జాబితాలో, కౌన్సిల్ రిజిస్ట్రేషన్లో, అనుభవ పత్రాల్లో అలాగే ఉండాలి. ఒక చోట ఇనిషియలు, ఒక చోట పూర్తి ఇంటిపేరు ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఇవాళే అన్నీ మంచం మీద పరిచి అక్షరం అక్షరం సరిచూసుకో. అనుభవ పత్రంలో "సంతృప్తికరంగా పనిచేశారు" అని రాయించుకుంటే ఎవరికీ పనికిరాదు. ఏ వార్డు, వారానికి ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అవి ఉండాలి. నీ మీద ఫిర్యాదులేం లేవనే గుడ్ స్టాండింగ్ పత్రం మామూలుగా మీ కౌన్సిల్ నుంచి అక్కడి కౌన్సిల్‌కి నేరుగా వెళ్తుంది, నీ చేతికివ్వరు. ఆలస్యమంతా అక్కడే, ముందుగా దానికి పెట్టుకో.

ఆన్‌లైన్ ఖాతా ఎవరు తెరిచినా నీ ఈమెయిలుతో, నీ ఫోన్ నంబరుతోనే తెరవాలి. "మేం చూసుకుంటాం మేడమ్" అని ఏజెంటు తన ఈమెయిలు పెట్టాడంటే నీ జుట్టు వాడి చేతికిచ్చినట్టే. నా రోజుల్లో ఈమెయిళ్ళు లేవు, ఒరిజినల్ సర్టిఫికెట్లే అడిగేవాళ్ళు. నావి పదకొండు నెలలు ఒక ఏజెంటు బీరువాలో ఉన్నాయి. మధ్యలో వేరే ఆస్పత్రి పిలిచింది, వెళ్ళలేకపోయాను. ఇప్పటికీ ఫొటోకాపీలు మూడేసి తీసుకునే అలవాటు పోలేదు.

ఇంగ్లిషుకి ఐఈఎల్‌టీఎస్ కంటే వైద్యరంగం వాళ్ళకి పెట్టే ఓఈటీ పరీక్ష నీకు తేలిక, అంతా ఆస్పత్రి గొడవే కాబట్టి. రైటింగులో కేస్ నోట్సిచ్చి ఉత్తరం రాయమంటారు. అనుభవం ఉన్నవాళ్ళే అక్కడ బోల్తా పడతారు, ఎందుకంటే పేషెంటు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎక్కించేస్తారు. ఇంటికొచ్చి పుండుకి కట్టు మార్చే నర్సుకి పదేళ్ళ కిందటి టాన్సిల్స్ ఆపరేషన్ ఎందుకు? ఉత్తరం ఎవరికో చూసుకుని, వాళ్ళకి రేపు పనికొచ్చేదే రాయి. మాటల సంగతికొస్తే పరీక్ష పాసైనా అసలు కష్టం వార్డులోనే. మొదటి నెలలో ఒక ముసలావిడ "స్పెండ్ ఎ పెన్నీ" అంటే నేను లాకరు తీసి పర్సు వెతికాను. పాపం ఆవిడకి బాత్‌రూముకి వెళ్ళాలట.

బ్రిటన్ కుదిరితే మాత్రం ఓస్కీ సంగతి విను, రిజిస్ట్రేషన్ కోసం ఒక్కో స్టేషన్లో ఒక్కో పని చేసి చూపించే పరీక్ష అది. మా వార్డుకొచ్చిన కొత్తపిల్లలకి నేనే ప్రాక్టీసు చేయించేదాన్ని. ఐసీయూలో ఎనిమిదేళ్ళు చేసినావిడ మాత్ర ఇచ్చే స్టేషన్లో తప్పింది. చేయడం బాగానే చేసింది, నోరు విప్పలేదంతే. చూసేవాళ్ళకి నీ మనసులో మాట కనబడదు. పేరు, పుట్టిన తేదీ పేషెంటునే చెప్పమనాలి, రిస్ట్‌బ్యాండుతో సరిచూస్తున్నానని పైకి అనాలి, అలర్జీ ఉందా అని అడగాలి, చార్టులో ఆఖరి డోసు ఎప్పుడిచ్చారో వేలుపెట్టి చదవాలి. ఇప్పుడున్న వార్డులో రేపటి నుంచే అలా చెయ్యి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనీ. ఇది పాసయ్యేదాకా అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో కింది మెట్టు జీతమే, మామూలుగా బ్యాండ్ 4 దాకా ఇస్తారు, నర్సు మెట్టైన బ్యాండ్ 5 తర్వాతే.

ఇక మూడో పేజీ నువ్వు పంపలేదు, కానీ రెండో పేజీ చివర్లో "అనుబంధం చూడుము" అని ఉంది. బాండు దాంట్లో ఉంటుంది. రెండు మూడేళ్ళలోపు మానేస్తే ఎంత తిరిగి కట్టాలో, ఏ ఖర్చుకి ఎంతో విడివిడిగా రాసి ఉందా? గడిచిన నెలలకి తగ్గుతూ వస్తుందా, లేక ఆఖరి రోజున మానేసినా మొత్తం కక్కాల్సిందేనా? తగ్గకపోతే అది నిన్ను అక్కడే కట్టిపడేయడానికి పెట్టిందే.

వాళ్ళకి ఈ నాలుగు అడుగుతూ ఇవాళే ఈమెయిలు పెట్టు: ఉద్యోగం నర్సుగానా సహాయకురాలిగానా, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది, ఓస్కీ తప్పితే ఏమవుతుంది, అనుబంధం కాపీ ఏది. ఫోన్లో చెప్తామంటే వద్దను, రాసి పంపమను. జవాబొచ్చాక నాకు పంపు. ఈ వారమంతా నైట్లే, మధ్యాహ్నం తర్వాత చేస్తే లేచే ఉంటాను.

మీ పెద్దమ్మ